మోటుపని అనకండి

చేతికి గ్రీజు అంటితే బుర్రకు మట్టి అంటినట్టే లెక్క ఈ దేశంలో. షెడ్డులో పనిచేసేవాణ్ణి చూసి "వీడి రెక్కల్లో బలముంది" అంటారు గానీ, "వీడికి సంగతి తెలుసు" అని ఒక్కరూ అనరు. బలమంటే కూలి. సంగతి తెలియటమంటే జీతం, కుర్చీ, పేరు చివర నాలుగక్షరాలు. మా పనిని మోటుపని అనటం నోరుజారి వచ్చిన మాట కాదు. మోటుపని అని పేరు పెడితే మోటుకూలితో సరిపెట్టొచ్చు. ఆ పేరులోనే ధర ఉంది.

నేను మాదిగోణ్ణి. విజయవాడ ఆటోనగర్లో పాత కార్ల బ్రేకులూ హబ్బులూ విప్పి బిగించే పనిలో ముప్పయ్యేళ్ళకు పైగా ఉన్నాను. ఆ పనిలో బలం పాలెంతో, బుద్ధి పాలెంతో లెక్క తీసి మీ ముందు పెడతా. చదివాక మీరే చెప్పండి, ఇది మోటుపనేనా అని.

పాత అంబాసిడర్ కారునే తీసుకుందాం. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ బండికి మన దేశపు రూపం అది. 1950ల చివర్లో మొదలై 2014 మే దాకా బెంగాల్లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారైంది. మంత్రులెక్కారు, కలెక్టర్లెక్కారు, పెళ్ళికొడుకులెక్కారు. ఇప్పుడు కొత్తది రాదు. ఉన్నవాటిని బతికించుకోవాల్సిందే. పాత బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ము లోపల రెండు షూలు, వాటిమీద లైనర్లు. పెడల్ తొక్కితే బ్రేకాయిల్ వీల్ సిలిండర్లోకి తోసుకొచ్చి షూలను డ్రమ్ముకి ఒత్తుతుంది, బండి ఆగుతుంది. ఆ రాపిడికి డ్రమ్ము కాగుతుంది, మళ్ళీ చల్లారుతుంది, వానలో తడుస్తుంది, బురద తింటుంది. ఇట్లా ఇరవయ్యేళ్ళు గడిచాక ఆ బండిని తెచ్చి మా ముందు నిలబెట్టి, "బ్రేకులు పట్టటం లేదు, సాయంత్రానికల్లా చేసియ్యి" అంటారు.

బ్రేకు బాగుచెయ్యటం తర్వాతి మాట. ముందు దాన్ని విప్పుకోవాలి గదా. పాత బండిలో విప్పటమే సగం పని. ఒక్కోసారి ముప్పాతిక.

తుప్పు పడితే ఇనుము తరిగిపోతుందని అందరికీ తెలుసు. కానీ తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది. నట్టుకీ బోల్టుకీ మధ్య, మరల్లో వెంట్రుక పట్టేంత సందులో అది ఉబ్బి కూర్చుంటుంది. పైకి రెండు వస్తువులు, లోపల ఒకటే ముద్ద. అక్కడ బలం చూపిస్తే ఏమవుద్ది? పానాకి పైపు తొడిగి వేలాడితే తుప్పు విడవదు, బోల్టే తెగుద్ది. లేదంటే నట్టు మూలలు అరిగి గుండ్రమైపోద్ది, ఇక ఏ పానా పట్టదు. బలం ఒక్కటే ఉన్నవాడు మా షెడ్డులో వారం కూడా నిలవడు.

ముందు బయటికి కనపడే మరల్ని వైరు బ్రష్షుతో గీకాలి. నట్టు కదిలినా ఆ తుప్పుమరల మీదనించే గదా నడిచి రావాలి. తర్వాత నూనె. ఒకప్పుడు డీజిలూ కిరసనాయిలూ కలిపి పోసేవాళ్ళం, ఇప్పుడు డబ్బాల్లో వస్తోంది. ఆ నూనె లైనరు మీద పడకూడదు, పడితే బ్రేకు జారుద్ది. వీల్ సిలిండర్ రబ్బరుకి తగలకూడదు, తగిలితే రబ్బరు ఉబ్బి పాడవుద్ది. పోసి వదిలెయ్యాలి. పూటో, రాత్రంతానో. నూనె సందులోకి దిగటానికి టైము కావాలి, మనం తొందరపడితే అది తొందరపడదు.

ఆ తర్వాత పన్నెండు మూలల రింగు పానా కాకుండా ఆరు మూలలది వెయ్యాలి. అది నట్టు మూలలమీద కాదు, పలకలమీద పట్టుకుంటుంది. పట్టించాక విప్పే వైపు తిప్పకూడదు, ముందు బిగించే వైపు వెంట్రుకవాసి కదిలించాలి. వినటానికి ఎదురుగా ఉంటుంది గానీ, తుప్పు పొర విరగటానికి ఏ వైపు కదలికైనా ఒకటే. విరిగాక వెనక్కి. పావుచుట్టు వచ్చి కీచుమంటే ఆపాలి. మళ్ళీ నూనె, మళ్ళీ ముందుకి కొంచెం, వెనక్కి కొంచెం.

అప్పటికీ రాకపోతే దెబ్బ. నట్టు ఒక పలకకి బరువైన సుత్తి ఆనించి, ఎదుటి పలకమీద ఇంకో సుత్తితో కొట్టాలి. ఆ అదురుకి లోపలి తుప్పు పొడవుద్ది. దానికీ రాకపోతే వేడి. కాల్చాల్సింది బోల్టుని కాదు, నట్టుని. నట్టు వేడికి వ్యాకోచించి బోల్టుని వదులు చేస్తుంది. బోల్టుని కాలిస్తే ఇంకా బిగుసుకుంటుంది. అదీ రబ్బరు గొట్టాలకీ, బేరింగులకీ, బ్రేకాయిల్‌కీ దూరంగా ఉంటేనే. దేనికీ లొంగకపోతే ఉలి పెట్టి నట్టుని చీల్చటమే. నట్టు పోయినా స్టడ్డు మిగులుద్ది. ఏది పోతే ఫర్వాలేదో, ఏది పోకూడదో ముందే తెలిసి ఉండాలి.

డ్రమ్ముది ఇంకో సంగతి. దాన్ని పట్టుకున్న చిన్న స్క్రూలని ఊరికే తిప్పితే గాడి చెరిగిపోద్ది. స్క్రూడ్రైవరు గాడిలో నిలబెట్టి నెత్తిన ఒక్కటిచ్చి, అప్పుడు తిప్పాలి. స్క్రూలు వచ్చినా డ్రమ్ము రాదు. ఏళ్ళ తరబడి షూలు అరగదీసి డ్రమ్ము లోపల గాడి పడి ఉంటుంది, దాని అంచుకి షూలు కొక్కెంలా తగులుకుంటాయి. ముందు అడ్జస్టరు వెనక్కి తిప్పి షూలని లోపలికి తెచ్చుకోవాలి. ఇది తెలియనివాడు డ్రమ్ము అంచుమీద బాదుతాడు. అది పోత ఇనుము, వంగదు, పగులుద్ది.

బ్లీడింగు నిపుల్ లోపల బోలు. చిటికెనవేలంత కూడా ఉండదు, కోపానికి పోతే పుల్లలా విరుగుద్ది. బ్రేకు పైపు నట్టు తిరుగుతుంటే పైపు కూడా మెలిపడుతోందేమో కన్నేసి ఉండాలి. కొన్ని పాత బండ్లకి ఎడమ పక్క చక్రాలకి ఎడమ మర ఉంటుంది, సైకిలు ఎడమ పెడల్‌కి ఉన్నట్టు. అది తెలియకుండా విప్పుతున్నాననుకునేవాడు బిగిస్తూ ఉంటాడు. టేపరు మీద బిగుసుకున్న హబ్బుకి పుల్లర్ వేసి బిగించి, పుల్లర్ బోల్టు నెత్తిన దెబ్బ వెయ్యాలి. అప్పుడు హబ్బు నట్టు పూర్తిగా తియ్యకుండా నాలుగు మరలు మిగల్చాలి. లేకపోతే హబ్బు ఒక్కసారిగా ఊడి వచ్చి మనిషి మీద పడుద్ది.

నాకిదంతా నేర్పింది ఒక ముసల్మాను మేస్త్రి. భాయ్ అని పిలిచేవాళ్ళం. వేలిముద్ర మనిషి. ఆయన నేర్పిన ముఖ్యమైన పాఠం కళ్ళకు కనపడేది కాదు. నట్టు "టక్" మని విరిగినట్టు శబ్దం చేస్తే తుప్పు వదిలిందని. శబ్దం లేకుండా మెత్తగా, రబ్బరులా తిరుగుతుంటే బోల్టే మెలిపడుతోందని, ఇంకో పావుచుట్టుకి తెగుద్దని. "చేతికి మెత్తగా తగిలితే ఆగిపో బేటా" అనేవాడు. ఇనుము సాగి తెగే ముందు ఎట్లా ఉంటుందో ఇంజనీరింగు పుస్తకంలో గ్రాఫు గీసి చెప్తారు. భాయ్ ఆ గ్రాఫుని మణికట్టులో పెట్టుకున్నాడు. గ్రాఫు గీసినవాడికి డిగ్రీ ఇచ్చారు. భాయ్‌ని చివరిదాకా "ఒరేయ్ సాయిబూ" అన్నారు.

ఇప్పుడు చెప్పండి. ఇందులో బలం పాలెంత?

ఒకసారి ఒక ఇంజనీరుగారు అంబాసిడర్ తెచ్చాడు. వెనక చక్రాల నట్లు రాలేదు. నూనె పోసి పక్కన కూర్చున్నాను.

"ఏంట్రా, నూనె పోసి కూర్చున్నావ్? కొట్టు. మీవాళ్ళకి బలముంటుందిగా."

"కొడితే స్టడ్డు తెగుద్ది సార్. రేపు పొద్దున విప్పుతా."

పొద్దున నాలుగు నట్లూ ఒంటిచేత్తో వచ్చాయి. బిల్లు దగ్గర ఆయన పేచీ పెట్టాడు. "పని చేసింది అరగంట. నూనె పోసి ఇంటికి పోయినందుకు డబ్బులేంటి?" అని సగం కోసి ఇచ్చాడు. అదే స్టడ్డు తెగ్గొట్టి, డ్రిల్లు వేసి, రోజంతా చెమటలు కక్కి ఉంటే పూర్తిగా ఇచ్చేవాడు. చెడగొట్టి చెమటోడిస్తే కూలి ఇస్తారు, చెడకుండా ఆగినందుకు ఇవ్వరు. ఆగటం తెలివి గనక, తెలివి మా దగ్గర ఉండదని వాళ్ళ నమ్మకం గనక.

"మీవాళ్ళు" అన్నాడు చూడండి, ఆ మాట పట్టుకోండి. నా కులం ఆయనకెవరు చెప్పారు? షెడ్డులో కులం ఉండదంటారుగా.

మా తాత తోలు ఊనేవాడు. పచ్చి తోలుని సున్నపు నీళ్ళలో నానేసి వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క ఊరిన లందలో రోజుల తరబడి ఊరబెట్టేవాడు. నీళ్ళు ఎప్పుడు మార్చాలో, చెక్క ఎంత వెయ్యాలో, తోలు లోపలిదాకా ఊరిందో లేదో బొటనవేలితో ఒత్తి చెప్పేవాడు. ఆ తోలుతో మోటబావికి తొండం కుట్టేవాడు. ఊరి పొలాలకి నీళ్ళు ఎక్కింది ఆ తొండంలోంచే. తొండం తోడిన నీళ్ళకి మైల లేదు, తొండం కుట్టినవాడు బావిగట్టు ఎక్కితే మైల! అదే తోలు శాస్త్రానికి 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ పెట్టారు. అక్కడ తోలుని పరీక్షించేవాళ్ళని శాస్త్రవేత్తలంటారు. వాళ్ళని అనటం సబబే. మా తాతని ఎందుకు అనలేదనేదే నా ప్రశ్న.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. మా ఊరు కారంచేడు కాదు గానీ, ఆ వార్త విన్నాక మా అయ్య నిద్రపోలేదు. ఊళ్ళో ఉంటే ఏదో ఒక రోజు నీకూ అంతేరా అని నన్ను పట్నం పంపాడు. ఇనుముకి కులం ఉండదని ఆయన ఆశ. నిజమే, ఇనుముకి లేదు. ఇనుము పట్టుకున్నవాళ్ళకి ఉంది. నేను మొదట చేరిన షెడ్డులో టీ గ్లాసులు గూట్లో ఉండేవి. నా గ్లాసు కిటికీ బయట, మేకుకి తగిలించి ఉండేది. ఎవరూ ఏమీ చెప్పలేదు, గ్లాసే చెప్పింది. బండి కిందికి దూరే పని, డ్రమ్ము కడిగే పని, తుప్పు గీకే పని మాకు. ఇంజను ముందు నిలబడి చెవితో వినే పని, ఓనరుతో మాట్లాడే పని, డబ్బు ముట్టే పని వాళ్ళకి. దసరాకి ఆయుధపూజ. నేను వాడే సుత్తికి పసుపూ కుంకుమా పెట్టేవాళ్ళు, పానాలకి పూలు వేసేవాళ్ళు. సుత్తికి దణ్ణం పెట్టి, సుత్తి పట్టిన చేతికి ప్రసాదం పైనించి వదిలేవాళ్ళు. పనిముట్టుకి దైవత్వం, పనివాడికి అంటు. ఇంతకంటే తమాషా ఎక్కడన్నా ఉందా?

1990లో మండల్ సిఫార్సులు అమలు చేస్తామన్నప్పుడు మెరిట్ చచ్చిపోతోందని పైకులాల విద్యార్థులు రోడ్లెక్కారు. నిరసనగా ఏం చేశారు? రోడ్లమీద కూర్చుని బూట్లకి పాలిష్ పెట్టారు, చీపుళ్ళు పట్టుకుని రోడ్లు ఊడ్చారు. ఉద్యోగాలు రాకపోతే మాకు గతి ఇదేనని చెప్పటానికి. అంటే వాళ్ళ దృష్టిలో మా బతుకు ఒక శిక్ష, మా పని ఒక బెదిరింపు బొమ్మ. వాళ్ళలో ఒక్కడైనా ఆ బూటు ఎట్లా కుట్టారో అడిగాడా? మెరిట్ అంటే పరీక్షలో రాసేదే అయితే, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మీ కారు బ్రేకు ఎవరి మెరిట్‌తో పడుతోంది? ముందు హబ్బు నట్టు చక్రం తిప్పుతూ బిగించి, మళ్ళీ తగినంత వెనక్కి వదిలి, కొత్త స్ప్లిట్ పిన్ను వేసి వంచేది ఎవరు? ఎక్కువ బిగిస్తే బేరింగు కాలుద్ది, వదులైతే చక్రం ఊగుద్ది. పాత పిన్నే వంచి వేస్తే అది విరిగి ఒక రోజు చక్రం ఊడొచ్చు. మా చేతిలో తప్పు జరిగితే మార్కులు పోవు, మనుషులు పోతారు.

మనుషులు పోవటమంటే గుర్తొచ్చింది. పాత బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము ఊడదీయగానే లోపల బూడిదరంగు దుమ్ము పేరుకుని ఉంటుంది. దాన్ని నోటితో ఉఫ్‌మని ఊదాం. గాలి గొట్టంతో కొట్టాం. పదమూడేళ్ళ పిల్లోడినప్పుడు అదే నా మొదటి పని. అన్ని రకాల ఆస్‌బెస్టాసూ మనిషికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. ఇవ్వాళ పీల్చిన దుమ్ము పదుల ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. అప్పటికి షెడ్డు మారి ఉంటుంది, ఓనరు మారి ఉంటాడు, ఎవరినీ అడగటానికుండదు. మా భాయ్ దగ్గుతూ దగ్గుతూ పోయాడు. బీడీల వల్ల అన్నారు. అయ్యుండొచ్చు. కానీ ఆయన ఊపిరితిత్తుల్లో ఏముందో చూసిన డాక్టరు లేడు, చూడమన్న చట్టమూ ఆయన దాకా రాలేదు. మోటుపని అంటే ఇదీ అర్థం: ఆ పని చేసేవాడి ఊపిరికి కూడా లెక్క ఉండదు. నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళకి నేను పెట్టిన మొదటి నియమం, డ్రమ్ము దుమ్ము ఊదకూడదని. నీళ్ళతో తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచిలో కట్టి పారెయ్యాలి. మూతికి మంచి మాస్కు ఉండాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి పోకూడదు, స్టాండు పెట్టాలి. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. మా ప్రాణానికి అంత ధర కూడా కట్టలేదు గనకే ఇన్నేళ్ళూ లేవు.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. మా పనిలో విద్య ఉందని నేనంటే, "అయితే మీ పిల్లల్ని కూడా అదే పనిలో పెట్టండి, మీకు వంశపారంపర్యంగా వచ్చేస్తుంది" అనేవాళ్ళు కాచుకుని ఉంటారు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజగోపాలాచారి ఆ పనే చేశాడు. బడి ఒక పూట, మిగతా పూట ఇంటిపని, తండ్రి చేతిపని. అది కులవిద్య పథకమని జనం తిరగబడితే 1954లో ఎత్తేశారు. 2023లో పీఎం విశ్వకర్మ పథకం వచ్చింది. పద్దెనిమిది చేతివృత్తులు, అందులో చెప్పులు కుట్టటం ఒకటి. గురుశిష్య పరంపర, కుటుంబ వృత్తి నిలబెట్టటం దాని ఉద్దేశాల్లో ఉంది. అప్పు ఇస్తే తీసుకుందాం, పనిముట్లు ఇస్తే తీసుకుందాం, అవి మన హక్కు. కానీ పరంపర మాకొద్దు. నా కూతురు ఇంజనీరింగు చదివితే చదవనీ, డాక్టరైతే కానీ. పానా పట్టాలంటే ఇష్టపడి పట్టనీ. కమ్మవారి పిల్లోడూ, బ్రాహ్మల పిల్లోడూ వచ్చి బండి కింద పడుకుని నేర్చుకోనీ, నేను నేర్పుతా. విద్య అంటే అదిగదా. ఎవరైనా నేర్చుకునేది, ఎవరైనా మానుకోగలిగేది. మానుకునే వీలు లేనప్పుడు ఎంత గొప్ప విద్యయినా సంకెలే.

చదువుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. హాస్టళ్ళలో ఉండి చదువుతున్నారు, సంతోషం. మీ నాన్న ఏం చేస్తాడని అడిగితే "బిజినెస్" అంటున్నారు, విన్నాను. అట్లా అనాల్సి రావటం మీ తప్పు కాదు, అడిగేవాడి కళ్ళల్లో ఉన్న కత్తిని నేనూ చూశాను. కానీ మీరు థీసిస్‌లు రాస్తున్నారు. మన బాధల మీద రాశారు, మన పాటల మీద రాశారు. మనకు తెలిసినవాటి మీద కూడా రాయండి. ఇంటికి పోయినప్పుడు మీ నాన్న పక్కన కూర్చుని అడగండి: ఎట్లా చేస్తావు, ఎందుకట్లా చేస్తావు, తప్పితే ఏమవుద్ది అని. చెప్పింది రాసుకోండి. రాయకపోతే అది ఆయనతోనే కాటికి పోద్ది. రేపు ఎవడో దానికి ఇంగ్లీషు పేరు పెట్టి మనకే అమ్ముతాడు.

ఉద్యమాల్లో ఉన్న అన్నలకీ ఒక మాట. శ్రామికుడి చెమట గురించి మీరు చెప్పినంత ఇంకెవరూ చెప్పలేదు. కానీ చెమట దగ్గరే ఆగిపోయారు. పోస్టర్ల మీద మా కండలు గీశారు, పిడికిళ్ళు గీశారు. ఆ పిడికిలి విప్పితే వేళ్ళుంటాయి, ఆ వేళ్ళకి జ్ఞానం ఉంటుంది. దాన్ని కూడా డిమాండ్లలో పెట్టండి.

నా డిమాండ్లు పెద్దవేం కావు. షెడ్లలో పదేళ్ళు పనిచేసినవాణ్ణి హెల్పర్ అని రాయటం మానండి, నిపుణుడి కూలి ఇవ్వండి. 2015లో మొదలైన కౌశల్ వికాస్ యోజనలో, పనిలోనే నేర్చుకున్నదానికి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని షెడ్డు దాకా తీసుకురండి, సర్టిఫికెట్‌తోపాటు కూలి పెరిగేట్టు చూడండి. ఐటీఐల్లో మోటారు మెకానిక్ పిల్లలకి పాఠం చెప్పటానికి మాలాంటివాళ్ళని పిలవండి. కాగితం అడక్కండి, ఒక తుప్పుపట్టిన డ్రమ్ము తెచ్చి ముందు పెట్టండి, అదే పరీక్ష. బ్రేకు పని చేసినవాళ్ళందరికీ ఊపిరితిత్తుల పరీక్ష ప్రభుత్వ ఖర్చుతో చెయ్యండి. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదని 2016లో చట్టాన్ని సవరించారు. ఆ పిల్లలు బళ్ళో ఉన్నారో, ఇంకా బండి కింద ఉన్నారో ఆటోనగర్లో నడిచి చూడండి.

ఇవన్నీ చేసేదాకా మా పనిని ఏమని పిలవాలని అడుగుతారేమో. విద్య అనండి. ఆ మాట వాడితే దానికి తగ్గ డబ్బు ఇవ్వాల్సొస్తుందని మీకు తెలుసు, మాకూ తెలుసు.